తేడా గడి

మొగల్తూరు దాటాక, గాలి ఉప్పగా తగిలే చోట
ఆరు రొయ్యల చెరువులు, పద్దెనిమిది ఏరేటర్లు,
రేకుల షెడ్డులో ఒక జనరేటరు.
కరెంటు లైను వస్తుందంటున్నారు, రెండేళ్ళుగా.
ఇక్కడ లెక్కలు రాసేది నేను.

రాత్రి చక్రాలు ఆగితే
తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది.
అందుకే ఏసురత్నం నిద్రపోడు.
ఇంజను మొదటి దగ్గు విని,
పొగ పల్చబడేదాకా పక్కనే నిలబడి
గోడ మీద సుద్దతో టైము వేస్తాడు.

ఇంజను పక్కన కంపెనీవాళ్ళ రేకు మీద ఒక అంకె:
గంటకి ఆరు పాయింట్ ఆరు.
ఆ పక్కన రెండు చిన్న ఇంగ్లీషు అక్షరాలు
గ్రీజు కింద ఉండిపోయాయి.
ఎవరూ తుడవలేదు.
నేనూ తుడవలేదు.

పది గంటల రాత్రికి అరవై ఆరు లీటర్లు
అని నేను రాసుకున్నాను.
డ్రమ్ములో పుల్ల ముంచితే ఎనభై తగ్గేది.
పద్నాలుగు.
తేడా గడిలో, ఎర్ర సిరాతో.
ఇరవై రాత్రులకి రెండు వందల ఎనభై.

రాజుగారు అరవలేదు.
కళ్ళజోడు తీసి తుడుచుకుని
"జీతంలో పట్టుకో" అన్నారు.
ఏసురత్నం గుమ్మం బయట నిలబడి
"ఆయ్, నేనేమన్నా తాగానేంటండీ దాన్ని" అన్నాడు.
ఎవరూ నవ్వలేదు.
వాడి చేతులు డీజిలు కంపు కొడుతూనే ఉన్నాయి,
రోజూ పోసేవాడి చేతులు మరి.

ఫిల్టరు మార్చడానికి నరసాపురం నుంచి వచ్చిన మీరావలీ
గుడ్డతో ఆ రేకు మీద ఒక్క రుద్దు రుద్ది
"ఇవి కేజీలమ్మా, లీటర్లు కాదు" అన్నాడు,
మళ్ళీ స్పానరు వెతుక్కున్నాడు.

మేత తూచే కాటా తెప్పించాను.
లీటరు డబ్బా గీత దాకా నింపి,
డబ్బా బరువు తీసేస్తే
ఎనిమిది వందల ఇరవై ఐదు గ్రాములు.
ఆరు పాయింట్ ఆరుని దానితో భాగించాను.
ఎనిమిది.
గంటకి ఎనిమిది లీటర్లు, రాత్రికి ఎనభై.
ఒక్క చుక్క మిగల్లేదు.

మా అమ్మమ్మ తీర్థాల్లో మరమరాలు అమ్మేది.
సేరు మరమరాలూ సేరు బియ్యమూ ఒక బరువు కాదని
ఐదేళ్ళకే నాకు తెలుసు.
బీకాం చదివి మర్చిపోయాను.

మిట్టమధ్యాహ్నం మళ్ళీ తూచాం, చూద్దామని.
రేకుల వేడికి ఎనిమిది వందల పద్దెనిమిదే వచ్చింది.
అదే డబ్బా, అదే గీత.
ఎండేమీ తాగలేదు,
కాస్త జరిగి కూర్చోమంది, అంతే.

ఇంజనుకి ఎత్తు తెలియదు, బరువు తెలుసు.
పుల్లకి బరువు తెలియదు, తడి తెలుసు.
ఈ రెండింటి మధ్య ఒక మనిషి జీతం ఉందని
నాకు తెలియాలి.

రాజుగారు కాగితం అటూ ఇటూ తిప్పి చూసి
"సర్లే, ఇచ్చెయ్" అన్నారు.
ఆ రెండు మాటలకి సాంద్రత ఎంతో
నేను లెక్క కట్టలేదు.

ఏసురత్నం నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని
జేబులో పెట్టుకున్నాడు, వెళ్ళిపోబోయి ఆగాడు.
"మరి బుల్లబ్బాయో?"

బుల్లబ్బాయి నిరుటి కాపలావాడు.
ఇదే ఇంజను, ఇదే పుల్ల, ఇదే నా చేతిరాత.
దొంగ అని ఎవరూ అనలేదు,
రేపట్నించి రావద్దన్నారు.
యానాం ఐసు ఫ్యాక్టరీలో ఉన్నాడని ఒకరు,
అంతర్వేది బోటెక్కాడని ఒకరు.

ఇవాళ కూడా జనరేటరు దగ్గింది.
గోడ మీద సుద్ద: ఏడూ నలభై.
చెరువుల మీద చక్రాలు నీళ్ళని తెల్లగా కొడుతున్నాయి.
నిరుటి పుస్తకం తెరిచి
ఎర్రగా ఉన్న ప్రతి రాత్రినీ భాగిస్తున్నాను.

మార్చి నాలుగు. శేషం సున్నా.
మార్చి ఐదు. సున్నా.
ఎక్కడో ఒక్క లీటరైనా
నిజంగా పోయుంటే బాగుండునని
పేజీ తిప్పుతున్నాను.